పురుగు చాటున బాక్టీరియా

ఆఫ్రికాలోని కొన్ని ఊళ్లలో మగపిల్లాడికి మూత్రం ఎర్రగా వస్తే పెద్దలు కంగారుపడేవారు కాదు. ఈడుకొస్తున్నాడని అనుకునేవారు. అంతమంది పిల్లలకు వచ్చేది మరి! నిజానికి అది బిల్హార్జియా. మూత్రాశయం చుట్టూ ఉండే సిరల్లో మకాం వేసే పురుగుల వల్ల వచ్చే జబ్బు.

1851లో కైరోలో శవపరీక్ష చేస్తూ ఈ పురుగును కనుక్కున్నది జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్హార్జ్. జబ్బు మాత్రం చాలా పాతది. సుమారు మూడు వేల ఏళ్ల నాటి రెండు ఈజిప్టు మమ్మీల మూత్రపిండాల్లో దీని గుడ్లు ఉన్నాయని 1910లో మార్క్ ఆర్మండ్ రఫర్ చూపించాడు.

ఈ జబ్బు అంటుకోవడానికి పురుగులున్న నీళ్లు తాగనక్కర్లేదు, వాటిలో దిగితే చాలు. మంచినీటి నత్తల నుంచి బయటపడ్డ పిల్లపురుగులు చర్మంలోంచి లోపలికి దూరిపోతాయి. ఈతలాడే పిల్లలే ఎక్కువగా దొరికిపోతారు.

లోపల పెద్దవైన పురుగులు పెట్టే గుడ్డుకు ఒక కొసన ముల్లు ఉంటుంది. మూత్రంతో బయటికి పోని గుడ్లు మూత్రాశయం గోడలో ఇరుక్కుని పుండ్లు చేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోడ గట్టిపడుతుంది, మూత్రనాళాలు ఇరుకవుతాయి. మూత్రం పూర్తిగా బయటికి పోకుండా నిలిచిపోతే ఇ.కోలై లాంటి బాక్టీరియాకు అంతకన్నా ఏం కావాలి?

అన్నిటికన్నా ఆశ్చర్యం సాల్మొనెల్లా అనే బాక్టీరియాది. అది ఏకంగా పురుగు ఒంటికే అతుక్కుని బతుకుతుంది. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, ఆపగానే జ్వరం మళ్లీ మొదలు. పురుగును చంపితే తప్ప ఆ బాక్టీరియా పూర్తిగా వదలదు. అలాంటి పిల్లలకు యాంటీబయాటిక్ కోర్సులే మళ్లీ మళ్లీ రాయడం వాళ్లకు అన్యాయం చేయడమే.

తికమక ఇంకోవైపు నుంచీ ఉంది. బాక్టీరియా లేకపోయినా, గుడ్ల వాపు వల్లే మూత్రంలో చీముకణాలు కనిపించవచ్చు. అందుకే బాక్టీరియా కోసం కల్చర్ పరీక్ష, గుడ్ల కోసం సూక్ష్మదర్శిని పరీక్ష, రెండూ కావాలి. గుడ్లు ఎక్కువగా పడేది ఉదయం పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య. శాంపిల్ ఆ వేళకే తీసుకుంటారు.

మందు ప్రాజిక్వాంటెల్. బడుల్లో పిల్లల్ని తూకం వేయకుండా గుర్తులు పెట్టిన కర్ర పక్కన నిలబెట్టి, ఎత్తును బట్టి ఎన్ని మాత్రలివ్వాలో తేలుస్తారు.

మన దేశంలోనూ ఒకచోట ఈ జబ్బు బయటపడింది. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని గిమ్వి గ్రామంలో, 1950ల్లో.

మళ్లీ మందు సంగతికొస్తే, బడి ఈడు రాని పసివాళ్లకు సరిపోయే మాత్ర చాలాకాలం లేదు. పాత మాత్ర పెద్దది, పైగా చేదు. నీళ్లలో కరిగించి పట్టే ఆర్‌ప్రాజిక్వాంటెల్‌కు యూరప్ మందుల సంస్థ 2023 డిసెంబరులో సానుకూల అభిప్రాయం ఇచ్చింది. మూడు నెలల పాపాయి నుంచి ఆరేళ్ల పిల్లల దాకా వాడవచ్చు.