మీకు తెలుసా? గాండాల్ఫ్‌గా జార్జ్ హారిసన్!

‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ను సినిమాగా తీస్తే ఎవరికి ఏ వేషమన్న లెక్కలు బీటిల్స్ నలుగురూ 1960ల చివర్లోనే వేసుకున్నారు. ఆ పుస్తకాలు వాళ్ల చేతికొచ్చింది 1968లో, మన రిషికేశ్‌లో ధ్యానం నేర్చుకుంటున్నప్పుడు! ఫ్రోడోగా పాల్ మెకార్ట్‌నీ, సామ్‌గా రింగో స్టార్, గాండాల్ఫ్‌గా జార్జ్ హారిసన్. జాన్ లెనన్‌కు మాత్రం గొల్లమ్ వేషమట. అంతటి స్టార్ ఆ వికారపు జీవిగా కనిపిస్తాననడం విశేషమే. దర్శకత్వానికి స్టాన్లీ కూబ్రిక్‌ను అడిగితే కుదరదన్నారు. రచయిత టోల్కీన్‌కూ ఈ ఆలోచన రుచించలేదు.

అసలైన వీరాభిమాని నటుడు క్రిస్టఫర్ లీ. ఏటా ఆ నవలను మళ్లీ చదివేవారు, టోల్కీన్‌ను స్వయంగా కలిశారు, గాండాల్ఫ్ పాత్ర మీద ఆశ పెట్టుకున్నారు. చివరికి ఆ నవల సినిమాగా వచ్చి, 2001లో మొదటి భాగం విడుదలయ్యేసరికి ఆయన వయసు 79. దక్కింది విలన్ సారుమాన్ వేషం.