చివరి జట్టుకు మొదటి పిలుపు
(అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్టును ముందుగా అంచనా వేయడం ఎలా?)



సాయంత్రం మన గ్రౌండులో కబడ్డీకి జట్లు ఎలా పంచుకుంటామో మీకు చెప్పనక్కరలేదు. ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడతారు. ఒకడు ఒకరిని పిలుచుకుంటే రెండోవాడు మరొకరిని పిలుచుకుంటాడు. బలమైనవాడు ముందు పోతాడు, బక్కపలచనివాడు చివరికి మిగులుతాడు. పేరు పిలవకముందే "ఇప్పుడు వీణ్ణే తీసుకుంటాడు చూడు" అని గట్టు మీద కూర్చున్నవాళ్లు చెప్పేస్తుంటారు.

అమెరికాలో ఇదే పని ఏటా ఏప్రిల్‌లో చాలా పెద్ద ఎత్తున జరుగుతుంది. దాన్ని డ్రాఫ్టు అంటారు. గట్టు మీద కూర్చుని జోస్యం చెప్పేవాళ్లు అక్కడ లక్షల్లో ఉంటారు. మేము ముగ్గురం ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాం. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్లం మేమే. 'అంచనా' అనే పాఠానికి ఉదాహరణలు వెతుకుతుంటే ఈ డ్రాఫ్టు మా కంటబడింది. చదివేకొద్దీ ఇది ఒక్క ఆట సంగతే కాదనిపించింది. అందుకే ఈ సంచికకు దీన్ని రాస్తున్నాం.

డ్రాఫ్టు అంటే ఏమిటి?

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేతులతోనే ఆడతారు. జట్టును నడిపి, బంతిని ముందుకు విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు బాగుంటే సగం ఆట బాగున్నట్టే. వాళ్ల పెద్ద లీగు పేరు ఎన్.ఎఫ్.ఎల్. అందులో 32 జట్లున్నాయి. కాలేజీల్లో ఆడి వచ్చే కుర్రాళ్లను ఈ జట్లు వరుసలో ఒక్కొక్కరుగా ఎంచుకుంటాయి. మొత్తం 7 రౌండ్లు. ఏ జట్టు పిలిస్తే ఆ కుర్రాడు ఆ జట్టుకే పోవాలి.

ఇక అసలు విశేషం. గత ఏడాది అందరికన్నా ఎక్కువ ఓడిపోయిన జట్టు మొదట ఎంచుకుంటుంది. కప్పు గెలిచిన జట్టు 32వ స్థానంలో, అందరికన్నా చివర ఎంచుకుంటుంది. మొదటి డ్రాఫ్టు 1936లో ఫిలడెల్ఫియాలో జరిగింది. ఆ పద్ధతిని ప్రతిపాదించినవాడు అట్టడుగున ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు యజమాని బర్ట్ బెల్. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ కొనుక్కుపోతుంటే మిగతావాళ్లు ఎప్పటికీ లేవలేరు, వాళ్లు లేవకపోతే లీగే నిలవదు అన్నది ఆయన వాదన. వెనుకబడినవాడికి ముందు అవకాశం ఇవ్వడం దయ కాదు, అందరి మేలు కోసమే అని ఆ యజమానులు ఒప్పుకున్నారు. ఈ మాట మనకు కొత్తది కాదు గదా!

అంచనా ఎలా వేస్తారు?

డ్రాఫ్టుకు ముందే "ఫలానా జట్టు ఫలానావాణ్ణి తీసుకుంటుంది" అని రాసే జాబితాను మాక్ డ్రాఫ్టు అంటారు. మంచి జాబితా రాయడానికి కొన్ని ఆధారాలు చూస్తారు.

ఒకటి, వరుస. ఏ జట్టు ఎన్నో స్థానంలో ఉంది, దాని వంతు రాకముందు ఎవరెవరు పోతారు?

రెండు, అవసరం. జట్టులో ఏ చోటు ఖాళీగా ఉంది, ఎవరి ఒప్పందం ముగుస్తోంది? మార్చిలో బయటి ఆటగాళ్లను కొనే గిరాకీ నడుస్తుంది. అప్పుడు నిండిన ఖాళీని డ్రాఫ్టులో మళ్లీ నింపరని లెక్క.

మూడు, కొలతలు. ఫిబ్రవరి, మార్చి రోజుల్లో ఇండియానాపోలిస్ నగరంలో కుర్రాళ్లకు పరీక్షలు పెడతారు. 40 గజాల పరుగు తీయాలి, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తగలరో చూపాలి. 2024లో జేవియర్ వర్తీ ఆ 40 గజాలను 4.21 సెకన్లలో పరిగెత్తి రికార్డు పెట్టాడు.

నాలుగు, రాకపోకలు. ఒక్కో జట్టు 30 మంది దాకా కుర్రాళ్లను తన చోటికి పిలిపించుకుని మాట్లాడవచ్చు. ఎవరిని పిలిచారో తెలిస్తే మనసులో ఏముందో కొంత తెలుస్తుంది. కానీ ఎదుటివాణ్ణి తప్పుదారి పట్టించడానికి కూడా పిలుస్తారు!

బేరాలు, గుడ్ల లెక్క

జట్లు తమ వంతును వేరే జట్టుతో మార్చుకోవచ్చు. ఇది మనకు ఇట్టే అర్థమవుతుంది. "ఈరోజు నీ గుడ్డు నాకివ్వు, వచ్చేవారం నాది, దాంతో పాటు అరటిపండు కూడా నీకిస్తా" అని మన మెస్సులో ఎన్ని బేరాలు జరగలేదు? ఈరోజు గుడ్డు కంచంలో ఉంది, వచ్చేవారం గుడ్డు మాటలో ఉంది. అందుకే మాటలో ఉన్నదానికి విలువ తక్కువ, పైన అరటిపండు కలపాలి. డ్రాఫ్టు బేరం మొత్తం ఈ లెక్కే.

1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ జట్టు వాళ్లు, జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు, ప్రతి వంతుకూ ఒక విలువ కట్టి పట్టిక తయారుచేశారు. 1వ వంతుకు 3000 పాయింట్లు, 2వ దానికి 2600, 10వ దానికి 1300, 32వ దానికి 590. తరవాత కొత్త పట్టికలు చాలా వచ్చాయిగానీ, అంచనా వేసేవాళ్లు ఇప్పటికీ దీన్ని తిరగేస్తుంటారు.

2017లో కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు 27వ స్థానం నుంచి 10వ స్థానానికి ఎగబాకింది. అందుకు బఫలో బిల్స్ జట్టుకు తన 27వ వంతు (680), 91వ వంతు (136), మరుసటి ఏడాది మొదటి రౌండు వంతు ఇచ్చింది. 680, 136 కలిపితే 816. కావలసినవి 1300. మిగిలిన 484 పాయింట్లకు మరుసటి ఏడాది వంతు సరిపోయింది. పట్టికలో 484 అంటే రెండో రౌండు వంతు విలువ. అంటే వచ్చే ఏడాది మొదటి రౌండు ఈ ఏడాది రెండో రౌండుతో సమానమన్నమాట. వచ్చేవారం గుడ్డు లెక్క ఇదే. ఆ 10వ వంతుతో చీఫ్స్ తెచ్చుకున్న కుర్రాడు పాట్రిక్ మహోమ్స్. 2020, 2023, 2024 ఫిబ్రవరుల్లో ఆ జట్టుకు మూడు సూపర్ బౌల్ కప్పులు తెచ్చాడు.

ఒక జట్టు కథ

అంచనా ఎంతవరకు పనిచేస్తుందో షికాగో బేర్స్ జట్టు సంగతి చూస్తే తెలుస్తుంది. 2022 సీజన్ చివరి రోజు దాకా అట్టడుగున ఉన్నది హ్యూస్టన్ టెక్సాన్స్ జట్టు. 2023 జనవరి 8న ఆ జట్టు చివరి నిమిషంలో 32-31తో గెలిచింది. బేర్స్ ఓడింది. ఆ ఒక్క పాయింటుతో మొదటి వంతు టెక్సాన్స్ చేజారి బేర్స్ చేతికొచ్చింది.

ఇక అంచనా మొదలైంది. బేర్స్‌కు అప్పటికే జస్టిన్ ఫీల్డ్స్ అనే యువ క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, మిగతా చోట్లన్నీ ఖాళీలే. కాబట్టి మొదటి వంతును అమ్ముతుంది. ఎవరికి? క్వార్టర్‌బ్యాక్ లేని జట్టుకు. 2వ స్థానంలో ఉన్న టెక్సాన్స్‌కు ఇద్దరు మంచివాళ్లలో ఒకడు ఎలాగూ దొరుకుతాడు, తొందర లేదు. 9వ స్థానంలో ఉన్న కరోలినా పాంథర్స్‌కు ఎగబాకకపోతే ఎవరూ దొరకరు. ఎక్కువ అవసరం ఉన్నవాడే ఎక్కువ ధర ఇస్తాడు.

2023 మార్చిలో సరిగ్గా అదే జరిగింది. పాంథర్స్ తన 9వ, 61వ వంతులు, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు, వాటితో పాటు డి.జె. మూర్ అనే మంచి ఆటగాణ్ణి ఇచ్చి మొదటి వంతు కొనుక్కుంది. దానితో బ్రైస్ యంగ్‌ను ఎంచుకుంది. రెండో వంతున టెక్సాన్స్ సి.జె. స్ట్రౌడ్‌ను తీసుకుంది.

ఇంతవరకు అంచనా నెగ్గింది. ఆ తరవాతే అసలు ఆట. స్ట్రౌడ్ ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 3 ఆటలే గెలిచిన టెక్సాన్స్ 10 గెలిచింది. పాంథర్స్ 2 గెలిచి 15 ఓడి అట్టడుగున పడింది. అట్టడుగు జట్టుకు మొదటి వంతు రావాలి. కానీ దాన్ని ముందే అమ్మేసుకుంది! అలా 2024లో కూడా మొదటి వంతు బేర్స్‌కే దక్కింది. దానితో కేలబ్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. వెనుకబడినవాడు రేపటి అవకాశాన్ని ఈరోజే తాకట్టు పెడితే ఏమవుతుందో ఇక్కడ చూడండి.

అంచనా ఎక్కడ తప్పుతుంది?

లెక్కకు ఒక్కో వంతును సరిగ్గా చెప్పే అవకాశం సగానికి సగం అనుకుందాం. మొదటి పదీ వరసగా సరిగ్గా చెప్పడానికి అవకాశం 1024లో ఒక్కటి. పైగా ఒక్కటి తప్పితే ఆ కుర్రాడు ఇంకో జట్టుకు పోతాడు, ఆ జట్టుకు అనుకున్నవాడు మరో జట్టుకు పోతాడు. గోడలోంచి ఒక్క ఇటుక లాగితే పైవన్నీ కదిలినట్టు ఉంటుంది.

2024లో అట్లాంటా ఫాల్కన్స్ జట్టు మార్చిలో కర్క్ కజిన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఇక ఆ ఖాళీ నిండిందని అందరూ లెక్కగట్టారు. ఏప్రిల్‌లో 8వ వంతున అదే జట్టు మైకేల్ పెనిక్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ను పిలిచింది. చూసేవాళ్లు నోరు వెళ్లబెట్టారు.

రెండు వేరు వేరు ప్రశ్నలు

ఇక్కడ మేము నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటుంది. "ఎవణ్ణి ముందు పిలుస్తారు?" అన్నది ఒక ప్రశ్న. "ఎవడు బాగా ఆడతాడు?" అన్నది వేరే ప్రశ్న. మాక్ డ్రాఫ్టు జవాబిచ్చేది మొదటి ప్రశ్నకే. అది పిలిచేవాళ్ల మనసును చదువుతుంది, ఆటగాడి సత్తాను కాదు.

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పండితులు చాలా ఏళ్ల డ్రాఫ్టులను లెక్కవేశారు. థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు పిలిచినవాడు, వాడి వెనకే పిలిచినవాడి కన్నా మెరుగ్గా నిలబడింది 100కు 52 సార్లు మాత్రమేనని వాళ్లు తేల్చారు. బొమ్మా బొరుసూ వేసినదానికి కొంచెం ఎక్కువ, అంతే.

2000లో టామ్ బ్రేడీ అనే కుర్రాణ్ణి 199వ వంతున పిలిచారు. అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను పిలిచారు. అతను ఏడు సూపర్ బౌల్ కప్పులు గెలిచాడు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మూడు మొదటి రౌండు వంతులు ధారపోసి 3వ వంతున ట్రే లాన్స్‌ను తెచ్చుకుంది. ఆ మరుసటి ఏడాది 262 మందిలో 262వ వాడిగా బ్రాక్ పర్డీని పిలిచింది. 2024 ఫిబ్రవరిలో ఆ జట్టును సూపర్ బౌల్ దాకా నడిపింది పర్డీ. లాన్స్ అప్పటికే వేరే జట్టుకు వెళ్లిపోయాడు.

ఈ కథలు విని "చివరివాడు కూడా గెలుస్తాడు" అని చప్పట్లు కొట్టడం తేలిక. మేము ఇంకొంచెం తవ్వి చూశాం. బ్రేడీకి అవకాశం ఎలా వచ్చింది? 2001 సెప్టెంబరులో జట్టు అసలు క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బ తగిలింది. ఆయన 1993 డ్రాఫ్టులో మొదటి వంతువాడు. పర్డీకి ఎలా వచ్చింది? 2022లో ముందున్న ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. ఆ దెబ్బలు తగలకపోతే? బెంచీ మీదే కూర్చుని ఇంటికి వెళ్లిపోయిన వాళ్లు ఇంకెందరో! వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

మన మాట

మేము పదో తరగతిలో ఉండగా ప్రీ ఫైనల్ తరవాత ఒక జాబితా రాశారు. "గట్టెక్కేవాళ్లు", "కష్టం". మా ముగ్గురి పేర్లూ రెండో వరుసలో ఉన్నాయి. మొదటి వరుసవాళ్లకు రాత్రి తొమ్మిది దాకా ప్రత్యేక తరగతులు, మాకు సెలవు. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. మార్కులు చూసి అంచనా వేశారు. కానీ అంచనా వేసి ఊరుకోలేదు, దాని ప్రకారం దీపాలు కూడా పంచారు. అలా పంచితే ఏ జాబితా అయినా నిజమవుతుంది. మేము గట్టెక్కడానికి కారణం మా గొప్ప కాదు. ప్రత్యేక తరగతికి వెళ్లిన ఒక మిత్రుడు రోజూ రాత్రి తన లెక్కల నోటుబుక్కు మా ట్రంకు పెట్టె మీద పెట్టేవాడు. మాతో పాటు ఆ వరుసలో ఉన్న మరో నలుగురికి ఆ నోటుబుక్కు అందలేదు. వాళ్లిప్పుడు పనుల్లో ఉన్నారు.

అంచనాలు వద్దని మేము అనము. మేము చదువుతున్నదే ఆ శాస్త్రం. జాబితా రాయండి. కానీ జాబితాలో చివర ఉన్నవాణ్ణి ముందు పిలవండి. కోట్ల డాలర్ల వ్యాపారం చేసే జట్ల యజమానులే 1936లో ఆ పని చేశారు. మనవంటి హాస్టలు చేయలేదా?

వార్డెన్ సారు అనుమతిస్తే ఈ ఏడాది ప్రీ ఫైనల్ తరవాత ప్రతి ఆదివారం మేము ముగ్గురం వచ్చి లెక్కలు చెబుతాం. తమ్ముళ్లూ, జాబితాలో అడుగున మీ పేరుంటే సిగ్గుపడకండి. మొదటి బెంచీ మీదే.