నేల తెలిసే కాలు

జడ్చర్ల దగ్గర 44వ, 167వ జాతీయ రహదారులు కలుస్తాయి. ఇలాంటి రోడ్ల మీద ప్రమాదంలోనో, షుగర్ ముదిరి పుండు మానకనో కాలు పోయినవాళ్లను కృత్రిమ కాలు మళ్లీ నిలబెడుతుంది. కానీ మడమ ఆనిందో లేదో చెప్పదు. చెలకలో, గట్టు మీద నడిచేటప్పుడు చూపంతా కిందే పెట్టాలి, బరువంతా మంచి కాలి మీదే మోపాలి. ఈ లోటు తీర్చే కృత్రిమ స్పర్శ అనగానే పత్రికలు చేతి బొమ్మ వేస్తాయి. మన నేల మీద మాత్రం అది ముందు అరికాలికి కావాలి.

కాలు తీసేసినా తొడలో మిగిలిన నరం బతికే ఉంటుంది. ఆ నరం వెంట ఏ కబురు వచ్చినా మెదడు దాన్ని పాదం పంపిందనే అనుకుంటుంది. లేని కాలు నొప్పి పెట్టడానికి ఇదొక కారణం. 2019లో స్టానిసా రాస్పోపోవిచ్ అనే పరిశోధకుడి బృందం మోకాలి పైదాకా కాలు పోయిన ఇద్దరికి తొడ నరంలో సన్నని ఎలక్ట్రోడ్లు అమర్చింది. అరికాలి కింది సెన్సర్లు ఒత్తిడిని, మోకాలి సెన్సర్ వంపును కొలుస్తాయి. ఆ లెక్కను బట్టి నరానికి చిన్న విద్యుత్ స్పందనలు అందుతాయి. ఇసుకలో నడిపించి చూస్తే ఇద్దరి వేగమూ పెరిగింది. నడకలో ఆయాసం తగ్గింది, లేని కాలి నొప్పీ తగ్గింది. ఇద్దరితో ఏం తేలుతుందని అడిగితే, అది సబబైన ప్రశ్నే. ఎంతమందికి పనికొస్తుందో తేలదు, దారి ఉందని మాత్రం తేలుతుంది. చేతి విషయంలో 2014లోనే అమెరికాలో డస్టిన్ టైలర్ బృందం ఇంకో సంగతి చూపింది: స్పందనలు ఒకే తీరుగా పంపితే తిమ్మిరిలా ఉంటుంది, వాటి తీవ్రతను లయగా మారుస్తూ పంపితే సహజమైన ఒత్తిడిలా తోస్తుంది.

ఖర్చు సంగతేమిటి, చర్మంలోంచి తీగలు బయటికొస్తే చీము పట్టదా? ఈ భయం న్యాయమైనదే. అయితే 2015లో ఆస్ట్రియాలోని లింజ్‌లో హుబర్ట్ ఎగ్గర్ అనే పరిశోధకుడి బృందం తీగల జోలికి పోలేదు. పాదపు నరాల కొసలను మిగిలిన కాలి చర్మం దగ్గరికి మళ్లించి, కృత్రిమ కాలి సాకెట్‌లో వైబ్రేటర్లు పెట్టింది. చర్మం అదిరితే పాదమే తాకినట్టు తెలుస్తుంది. ఇక ధర ఎంతవుతుందో ఇప్పుడే చెప్పలేం గానీ, ఇలాంటి పరికరాన్ని ఇక్కడే చేసుకోగలమన్న ఆశ ఉంది: క్షిపణుల కోసం తయారైన తేలిక పదార్థంతో హైదరాబాద్‌లో క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, నిమ్స్ ఆసుపత్రి వైద్యులు కలిసి మూడు కిలోల పోలియో క్యాలిపర్లను 300 గ్రాములకు దించారు. ఆ ఊళ్లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. నరంలో ఎలక్ట్రోడ్ల కోసం ఆగకుండా, ముందు లింజ్ పద్ధతిని మన సర్జన్లు పరీక్షించి చూడాలి.