చిత్రము చుట్టు మొలచిన గీత

ఒక గృహనిర్మాణపు నకలు మా మిత్రుని బల్లపై పఱచియుండగా చూచితిని. 594 మిల్లీమీటర్ల వెడల్పును 841 మిల్లీమీటర్ల పొడవును గల ఏ1 కాగితమది. స్థలమునకు సంబంధించిన సర్వే పటమును, మన రెవెన్యూవారు ఎఫ్.ఎం.బి. అని వ్యవహరించుదానిని, స్కాన్ చేయించి, ఆటోక్యాడ్‌లో కొలతకు సరిపెట్టి, దానిమీదనే ఇంటి ప్రణాళికను గీచియుండిరి. పని చక్కగా కుదిరినది. కాని ఉత్తరపు హద్దునకు అవతల, ఇంచుమించు మూడడుగుల దూరమున, ఎవరును గీయని సన్నని నల్లని గీత యొకటి పటము నాలుగు వైపుల చుట్టుకొనియున్నది. ప్రణాళికను చేతబట్టుకొని నిలుచున్న మేస్త్రీ ఆ గీతపై వ్రేలు పెట్టి, "అయ్యా, ఉత్తరం పక్క ప్రహరీ రెండు వరుసలా?" అని యడిగెను.

ఈ ప్రశ్నను నేను చిన్నదిగా నెంచజాలను. కథలో అదనముగా చేరిన యొక పదమును పాఠకుడు దాటిపోవచ్చును గాని, ప్రణాళికలో ప్రతి గీతయు ఒక వాక్యము, ప్రతి వాక్యమును ఒక ఆజ్ఞ. ఇచట గోడ కట్టుము, ఇచట నీ భూమి ముగిసినది, ఇచట త్రవ్వుము అని గీత చెప్పగా, ఇటుకలు పేర్చువాడు దానిని నమ్మి పేర్చును. కావున అర్థము లేని గీత వికారమైనది మాత్రమే కాదు, అసత్యము కూడ. దానిని తొలగించుట అలంకారకార్యమని తలచువారితో నేను ఏకీభవింపలేను.

ఆ గీత యెచటనుండి వచ్చెనో తెలిసికొనుటకు ఆటోక్యాడ్ స్వభావమును కొంత యెఱుగవలెను. 1982వ సంవత్సరము చివర వెలువడిన యీ సాధనము పుట్టుకచేతనే గీతల లోకమునకు చెందినది. దానికి గీత యనగా రెండు కొనలును వానిని కలుపు దారియు. స్కాన్ చేసిన పటమో, ఛాయాచిత్రమో అట్టిది కాదు. అది కోట్లకొలది రంగు చుక్కల సమూహము. ఈ చుక్కల సమూహమును డ్రాయింగు తనలో దాచుకొననైన దాచుకొనదు. అది కంప్యూటరులో ఎచట నున్నదో ఆ చిరునామాను మాత్రము వ్రాసికొని, తెఱచినప్పుడెల్ల అచటికి పోయి తెచ్చుకొనును. ఇట్లు పరాయిలోకమునుండి వచ్చిన అతిథిని పట్టుకొనుటకును, జరుపుటకును, త్రిప్పుటకును ఏదో ఒక పట్టు కావలెను గదా! ఆ పట్టే చిత్రము అంచుల వెంబడి సాధనము తనంతట గీచుకొను చట్రము. మూలచిత్రమును ఎవరైన వేఱొక ఫోల్డరునకు మార్చినచో, చిత్రము మాయమై, ఆ చట్రమును దాని నడుమ చిరునామాయు మాత్రమే తెరపై మిగులుట అందఱును చూచియేయుందురు. కనుక గీత ప్రింటరు దోషము కాదు, స్కానరు దోషమును కాదు. పనివానికై యేర్పఱచిన పట్టు కాగితము వఱకు ప్రయాణము చేయుటయే జరిగినది.

పూర్వము ట్రేసింగు కాగితముపై సిరాతో గీచిన దినములందును ఇట్టి చిక్కు లేకపోలేదు. ఒక ముక్కను కత్తిరించి మఱియొక పటముపై అతికించి నకలు తీసినచో, అతుకు అంచు నీడగా పడి లేని గీతను కల్పించెడిది. నాటి చిత్రలేఖకులు ఆ నీడను చేతితో చెఱిపెడివారు. నేడు చెఱుపుటకు చేయి పనికిరాదు, ఒక అంకె చాలును.

ఆ అంకె నివసించు స్థానము పేరు ఇమేజ్‌ఫ్రేమ్. ఆజ్ఞల వరుసలో ఈ మాటను టైపు చేసి మీట నొక్కగా, ఏ విలువ కావలెనని సాధనము అడుగును. 1 అనినచో చట్రము తెరపైనను కాగితముపైనను కనబడును. సాధారణముగా మనకు లభించునది యిదియే, మన చిక్కులకు మూలమును ఇదియే. 0 అనినచో రెండు చోట్లను అదృశ్యమగును. 2 అనినచో తెరపై నిలిచి కాగితముపై పడకుండును. అనుభవజ్ఞులు 2ను కోరుదురు. నా మతమును అదియే. ఏలయన 0 పెట్టినప్పుడు, ముఖ్యముగా పాత కూర్పులలో, చట్రముతోపాటు పట్టుకొను వీలును పోవును; చిత్రమును జరుపవలసివచ్చిన నాడు ఎచట క్లిక్ చేసినను అది చేతికి చిక్కక, పనివాడు కలవరపడును.

ఇంత చేసినను గీత పోలేదని వాపోవువారు కలరు. అట్టివారు ఫ్రేమ్ అను మఱియొక విలువను చూడవలెను. చిత్రములకును, పి.డి.ఎఫ్. పుటలకును, కత్తిరించి చేర్చిన అన్య డ్రాయింగులకును వేర్వేఱు చట్రములుండగా, వానియన్నిటిపై నొకే పెత్తనము చేయుటకు తరువాతి కూర్పులలో దీనిని ఏర్పఱచిరి. ఇది 3 అని యున్నంతవఱకే ఒక్కొక్కదాని సొంత విలువ చెల్లును. 1 అని యుండెనా, చిత్రములకును చట్రము తప్పదు. మా మిత్రుడు అర్ధదినము వెదకిన రహస్యము ఇదియే.

తెలియక చేయు చికిత్సలలో ప్రమాదకరమైనది యొకటి కలదు. చిత్రమును ముద్రణ లేని లేయరుపైకి మార్చినచో గీత పోవునని కొందఱు తలంతురు. గీత పోవుట నిజమే. దానితో చిత్రమును పోవును! ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదువుచున్న యొక యువకుడు ఇట్లు చేసి, ఖాళీ కాగితమును చూచి ప్లాటరును నిందించెను. అయితే ఇదే ఉపాయము వేఱొకచోట దివ్యముగా పనిచేయును. లేఅవుట్ పుటయందు నమూనాను చూపు కిటికీని, అనగా వ్యూపోర్టును, చుట్టి యుండు గీతయు తఱచుగా అచ్చులో పడుచుండును. దానిని చూచినవారు చిత్రపు చట్రమనియే భ్రమపడుదురు. ఆ కిటికీని ఒక ప్రత్యేక లేయరుపై నుంచి, లేయర్ల పట్టికలో దానికెదురుగా నున్న ప్రింటరు గుర్తును నొక్కి ముద్రణ నాపినచో, కిటికీ గీత పోయి లోపలి దృశ్యము పదిలముగా మిగులును. కనుక మందు వేయుటకు ముందు, ఆ గీత చిత్రముతోపాటు కదలుచున్నదా, కిటికీతోపాటు కదలుచున్నదా అని రవంత జరిపి చూచుట మేలు.

చట్రమును కాక, కిటికీయును కాక, చిత్రము లోపలనే యుండు గీతయు కలదు. స్కానరు మూత సరిగా మూయనందున అంచున పడిన నల్లని నీడ అది. దానికి ఇమేజ్‌క్లిప్ ఆజ్ఞతో అంచులను కొంత లోపలికి కత్తిరింపవలెను. కత్తిరించిన హద్దే తిరిగి క్రొత్త చట్రమగునని మఱవరాదు. ఇక గీత లేక, పటమంత మేర బూడిదవన్నె పలుచగా పఱచుకొన్నచో, అది పాతకాగితపు వన్నె తెల్లనిది కాకుండుటచే కలిగినది. కంటికి తెలుపుగా తోచినను యంత్రమునకు తెలుపు కాదు. ఇమేజ్‌అడ్జస్ట్‌లో కాంతిని పెంచుటయో, స్కాన్ చేయునప్పుడే నలుపు తెలుపు రెండే వన్నెలుగా దాచి, పిమ్మట చిత్రమునకు పారదర్శకత్వము నిచ్చుటయో దీనికి మార్గము. ఎక్సెల్ పట్టికలను నేరుగా తెచ్చి అతికించువారికి ఓలెఫ్రేమ్ అను వేఱొక విలువ కలదు; దాని అంకెలును ఇమేజ్‌ఫ్రేమ్ అంకెలవంటివే.

ఏ విలువను మార్చినను, కాగితమును చెఱుపుటకు ముందు ప్రివ్యూ చూడవలెను. ఏ1 కాగితము ఖరీదు చిన్నదే కావచ్చును గాని, ఒకసారి మేస్త్రీ చేతికి పోయిన తప్పు నకలును వెనుకకు రప్పించుట కష్టము. మా మిత్రుడు ఆనాడే ఫ్రేమ్‌ను 3గాను, ఇమేజ్‌ఫ్రేమ్‌ను 2గాను మార్చి క్రొత్త నకలు తీసి, పాతదానిపై అడ్డముగా ఎఱ్ఱ గీటు కొట్టి తనయొద్దనే యుంచుకొనెను. ఈ విలువలు డ్రాయింగుతోపాటే భద్రమగును. ఒకదానిలో దిద్దినది మఱియొకదానికి అంటదు. అందుచేత తాను ప్రతిసారి మొదలుపెట్టు టెంప్లేటులోనే వానిని దిద్ది దాచుకొనెను. ఇతరుల కార్యాలయములనుండి వచ్చు డ్రాయింగులు మాత్రము తమ పాత విలువలను వెంటబెట్టుకొనియే వచ్చుచున్నవి. వానిని తెఱచినంతనే ఆయన మొదట టైపు చేయుమాట ఇప్పుడు ఇమేజ్‌ఫ్రేమ్.