గ్రహణము నేర్పిన పాఠము

రామంతాపూరునుండి తార్నాక మీదుగా పోయినచో, 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము కానవచ్చును. నగరమునకు దూరముగా జపాల్-రంగాపూరులో ఆ విశ్వవిద్యాలయము 48 అంగుళముల దూరదర్శినితో నొక ఖగోళ పరిశోధనశాలను నెలకొల్పినది.

1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ ఆ పరిశోధనశాల మీదుగనే సాగెను. ముందుగా గణించిన సమయమునకే గ్రహణము పట్టగా, సిద్ధముగా నున్న శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. అదే సమయమున ఎందరో జనులు కీడు కలుగునని భయపడి, తలుపులు మూసికొని యిండ్లలోనే యుండిరి.

ఈ యంతరమును తొలగించుట విశ్వవిద్యాలయముల విధి. "చూడవలదు" అని శాసించినను, "భయపడకుడు" అని పలికినను చాలదు, కారణము చెప్పవలెను. సూర్యుని నేరుగా చూచినచో తీక్ష్ణకాంతి కంటి లోపలి పొరను కాల్చును. ఆ పొరకు నొప్పి తెలియదు గనుక, హాని జరిగిన పిదపనే మనమెరుగుదుము. గ్రహణము లేనినాడును ఈ హాని కలదు. సూర్యునకు వీపు త్రిప్పి నిలిచి, కాగితమునకు చేసిన చిన్న రంధ్రముగుండ వచ్చు వెలుగును వేరొక కాగితముపై పడనిచ్చినచో, సూర్యబింబమును నిర్భయముగా చూడవచ్చును.

ఇట్లు తేట మాటలలో కారణము చెప్పి, పరీక్షించుకొను మార్గమును చూపినచో ప్రజలు తామే కని నమ్ముదురు. తెలియనిదానిని తెలియదని యొప్పుకొను పండితుని మాటకు విలువ హెచ్చును.

బాలబాలికలారా! రాబోవు గ్రహణమునాడు మీ యింటి పెద్దలకు కాగితముపై ఆ బింబమును చూపుడు. వాదించి గెలువనక్కరలేదు, వారే చూతురు.