ఎక్స్‌ప్రెస్ రైలు ఊరి బయట ఒకసారి ఆగితే ఏం పోతుంది?

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి. కర్నూలు–కడప రహదారి (పాత లెక్కలో 18, ఇప్పుడు 40), నెల్లూరు వైపు నుంచి బళ్ళారి వైపు పోయే 67వ నంబరు రహదారి మా ఊళ్ళోనే కలుస్తాయి. ఇన్ని రోడ్లున్నాయి గానీ పట్టాలు మాత్రం లేవు. మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయింది, మమ్మల్ని పక్కన పెట్టి. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల లైను మొదలై ప్రొద్దుటూరుకు రైలు వచ్చింది. ఆ 123 కిలోమీటర్లలోనూ మా పేరు లేదు. అంటే మైదుకూరోళ్ళు రైలెక్కాలంటే ముందు బస్సెక్కల్ల. ప్రొద్దుటూరుకు దాదాపు 20 కిలోమీటర్లు, కడపకు దాదాపు 40.

అందుకే మా వైపు రైలు మాట వస్తే టైము కంటే ముందు అడిగేది "యాడ ఆగుతాది?" అనే. మా జేజి అయితే ఇంకో అడుగు ముందుకేసి, "రొండు నిమిషాలు నిలబెడితే వాళ్ళ సొమ్మేం పోతాదిరా?" అంటుంది. విని నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ మనం చదివేది ఇంజినీరింగ్ కదా, లెక్క వేద్దాం.

రైలు ఆగడానికి ఖర్చయ్యేది ప్లాట్‌ఫామ్ మీద నిలబడే రెండు నిమిషాలు మాత్రమే కాదు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఎక్స్‌ప్రెస్ అనుకుందాం. బ్రేకు వేస్తే సెకనుకు సెకనుకు 0.4 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనీ, మళ్ళీ బయల్దేరాక సగటున 0.15 మీటర్ల చొప్పున పెరుగుతుందనీ పెట్టుకోండి. ఇంజను లాగే బరువైన రైలుకు ఇవి మరీ అన్యాయమైన అంకెలు కావు. ఆగేటప్పుడు 38 సెకన్లు, వేగం పుంజుకునేటప్పుడు 102 సెకన్లు నష్టం. నిలబడ్డ రెండు నిమిషాలు కలిపితే మొత్తం 4 నిమిషాల 20 సెకన్లు. జేజి లెక్కకు రెండింతల కంటే కాస్త ఎక్కువ.

ఇక కరెంటు. 22 ఎల్‌హెచ్‌బీ బోగీలు, జనం, సామాన్లు, ఇంజను అన్నీ కలిపి 1200 టన్నులు అనుకుంటే, 110 వేగంలో ఆ రైలులో ఉన్న గతిశక్తి సుమారు 155 యూనిట్ల కరెంటుకు సమానం. ఆగిన ప్రతిసారీ దాన్ని పోగొట్టుకుని మళ్ళీ సంపాదించుకోవాలి. డబ్ల్యూఏపీ-7 లాంటి కొత్త ఇంజన్లు బ్రేకు వేసేటప్పుడు కొంత కరెంటు తిరిగి తీగల్లోకి పంపిస్తాయి, అది వేరే సంగతి. మొత్తానికి సొమ్ము పోతుంది. ఎంతనేదే తేల్చుకోవాలి.

ఇక్కడే నాకు నచ్చిన మలుపు ఉంది. ఇదే రైలు ఒక మహానగరం శివార్లలో, ముందున్న రద్దీ వల్ల గంటకు 50 కిలోమీటర్లతో పోతోందనుకోండి. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 155 యూనిట్లు కాస్తా 32కు పడిపోతాయి, అంటే ఐదో వంతు. సమయ నష్టం కూడా 3 నిమిషాలకు దిగుతుంది. నడిమధ్య పొలాల్లో పరుగెత్తే రైలును ఆపడం ఖరీదు. నగరం దగ్గర ఎలాగూ నత్తనడక నడిచే రైలును ఆపడం చవక. పైగా దిగేవాళ్ళు ఎక్కువ మంది ఉండేది కూడా ఆ చవకైన చోటే!

మన వైపు నుంచి హైదరాబాదుకు పోయే దారే చూడండి. వెంకటాద్రి లాంటి రైలు కడప, ఎర్రగుంట్ల, కర్నూలు, మహబూబ్‌నగర్ దాటి కాచిగూడకు పోతుంది. చివర్లో షాద్‌నగర్, ఉందానగర్, ఫలక్‌నుమా వస్తాయి. ఉందానగర్ అంటే శంషాబాద్ పక్కనే. అక్కడికి ఎంఎంటీఎస్ కూడా ఉంది. అయినా పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగడం అరుదు. మరి ఆ రైల్లో ఉండేదెవరు? శివారు కాలేజీల్లో చదివే మనలాంటి వాళ్ళు, శంషాబాద్ చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు, కువైట్ విమానం ఎక్కాల్సినవాళ్ళు. కడప జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు తక్కువేం కాదు. విమానాశ్రయం పక్కనుంచే రైల్లో పోయి, నగరం నడిబొడ్డున పెట్టె దించి, అదే పెట్టెతో వచ్చిన దారినే వెనక్కి పోవల్ల. తెల్లారుజామున ఆటో అతను చెప్పే రేటు టికెట్టు రేటును మించిపోయిన రోజులు నాకు తెలుసు.

రైల్లో 1200 మంది ఉన్నారనుకుంటే, 3 నిమిషాల ఆలస్యం అందరికీ కలిపి 60 గంటలు. ఆ శివారు స్టేషన్లో 60 మంది దిగి ఒక్కొక్కరికి ఒక గంట మిగిలితే చాలు, లెక్క సరిపోయింది. అరవై ఒకటో మనిషి నుంచి లాభమే. రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన రైలుకు 60 మంది అంటే ఒక స్లీపర్ బోగీ కూడా నిండదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. మద్రాసు పోయే మన కడపోళ్ళలో చాలామందికి సెంట్రల్‌తో పాటు పెరంబూరు తెలుసు. బొంబాయి వైపు పోయే రైళ్ళు కళ్యాణ్‌లో ఆగుతాయి కాబట్టే భివండీ మగ్గాల దగ్గరున్న తెలుగువాళ్ళు అక్కడే దిగిపోతారు, నగరం లోపలిదాకా పోరు. హైదరాబాదు పడమటి పక్కన లింగంపల్లి ఉంది. నారాయణాద్రి, గౌతమి లాంటివి అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. తూర్పు పక్కన చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న మొదలైంది. దక్షిణం పక్కే, అంటే మనం వచ్చే పక్కే, ఇంకా వెనకబడి ఉంది. ఎందుకో అందరికీ తెలుసు, ఐటీ ఆఫీసులు పడమట ఉన్నాయి మరి.

ఎదుటివాళ్ళ వాదన కూడా చెప్పాలి, అది గట్టిదే. ఆగిన రైలు తన సమయం మాత్రమే తినదు, వెనకొచ్చే రైలు సమయం కూడా తింటుంది. ముందు రైలు బ్లాక్ సెక్షన్ ఖాళీ చేస్తే గానీ వెనకదానికి పచ్చ దీపం పడదు. నగరం దగ్గర ఒకే పట్టాల మీద లోకల్, గూడ్స్, ఎక్స్‌ప్రెస్ అన్నీ నడవాలి. పక్కకు తప్పించే లూప్ లైను, 22 బోగీలకు సరిపోయే పొడుగు ప్లాట్‌ఫామ్ లేని స్టేషన్లో ఆపడమంటే ఇరుకు సందులో లారీ నిలబెట్టినట్టే. అందుకే నేను "ఎక్కడైనా ఆపండి" అనను. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య డబుల్ లైన్ పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. ఒకే లైను ఉన్నప్పుడు చెప్పిన కారణం ఈ ముక్కకు ఇప్పుడు అంత బలంగా వర్తించదు.

ఇంకోటి, రైలు ఎలాగూ ఆగుతోంది. ఔటర్ సిగ్నల్ దగ్గర. కాచిగూడ ప్లాట్‌ఫామ్ ఖాళీ లేక నిలబడ్డప్పుడు కుర్రాళ్ళు బ్యాగులు భుజాన వేసుకుని కంకర మీదకు దూకడం మీరూ చూసే ఉంటారు. అది నేరం, పక్క పట్టాల మీద ఇంకో రైలొస్తే ప్రాణమే పోతుంది. కానీ అక్కడ దిగాలనే అవసరం జనానికి ఉందని అంతకంటే సూటిగా ఎవరు చెప్తారు?

సరిహద్దులు దాటే రైళ్ళ సంగతి దీంతో పోల్చి చూడాలి. లండన్ నుంచి పారిస్ పోయే యూరోస్టార్ కోసం లండన్ తూర్పున స్ట్రాట్‌ఫర్డ్ ఇంటర్నేషనల్ అని స్టేషన్ కట్టి 2009లో తెరిచారు. పేరులో ఇంటర్నేషనల్ ఉంది గానీ ఇంతవరకూ ఒక్క యూరోస్టార్ కూడా అక్కడ జనాన్ని ఎక్కించుకోలేదు. నగరం బయట ఎబ్స్‌ఫ్లీట్‌లో 2007 నుంచి ఆగేవి, 2020 మార్చిలో కరోనాతో ఆపేశారు, మళ్ళీ మొదలుపెట్టలేదు. అక్కడ ఒక స్టాప్ అంటే ప్లాట్‌ఫామ్ మాత్రమే కాదు. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీ, సామాన్ల స్కానర్లు, సిబ్బంది, బయటివాళ్ళు రాకుండా కట్టిన వెయిటింగ్ హాలు అన్నీ కావాలి. కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్‌కు కూడా మొదట్లో తనిఖీలన్నీ సరిహద్దు స్టేషన్లలోనే, అక్కడే గంటలు పోయేవి. 2017 నవంబరులో వాటిని రెండు చివరి స్టేషన్లకు మార్చాక ప్రయాణ సమయం తగ్గింది. అదే నెలలో మొదలైన కోల్‌కతా–ఖుల్నా బంధన్ ఎక్స్‌ప్రెస్‌కు తర్వాత 2019లో జెస్సోర్‌లో స్టాప్ ఇచ్చారు. ఇంత తతంగం ఉన్న రైలుకే ఒక ఊరి కోసం స్టాప్ ఇవ్వగలిగారు. (2024 జులై నుంచి ఆ రైళ్ళే నడవడం లేదు, దానికి కారణాలు వేరు.) కడప నుంచి కాచిగూడకు పోయే రైలుకు పాస్‌పోర్టు తనిఖీ ఏముంది? టీసీ ఉంటే చాలు.

వందే భారత్ విషయం మరీ విచిత్రం. దాంట్లో సగం బోగీల కింద మోటార్లుంటాయి కాబట్టి నిమిషం లోపే 100 వేగం అందుకుంటుంది. అంటే ఆపడానికి అన్నిటికంటే చవకైన రైలు అదే. మనం మాత్రం దాన్ని తక్కువ స్టాపుల రైలుగా అమ్ముకుంటున్నాం.

మా ఊరోళ్ళకు నచ్చని మాట కూడా చెప్తా. ప్రతి ఎక్స్‌ప్రెస్‌నూ కమలాపురంలో, ముద్దనూరులో, కొండాపురంలో ఆపమనే కోరిక నాకు సమ్మతం కాదు. అక్కడ రైలు పూర్తి వేగంలో ఉంటుంది, దిగేది పదిమంది. ఆ పదిమందికి కావల్సింది ఎర్రగుంట్లలో రైలు దిగగానే ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు పోయే బస్సు. రైలు టైముకు బస్సు కలిపితే 155 యూనిట్ల పని డీజిల్ బస్సు తీరుస్తుంది. స్టాపింగ్ కోసం అర్జీలు పెట్టే ఊళ్ళు, ఆ ఉత్సాహంలో సగం డిపో మేనేజర్ దగ్గర చూపిస్తే బాగుండు.

ఉందానగర్ లాంటి చోట మాత్రం రైల్వే వాళ్ళకు అలవాటైన పద్ధతే చాలు. కొన్ని నెలలు ప్రయోగాత్మకంగా ఆపడం, టికెట్లు లెక్కపెట్టడం, చాలకపోతే తీసెయ్యడం. ఇందులో ఒక చిక్కుంది. మనలో చాలామంది అలవాటు కొద్దీ కాచిగూడకే టికెట్ తీసి మధ్యలో దిగిపోతాం. అప్పుడు కాగితం మీద ఉందానగర్‌లో ఎవరూ దిగనట్టే. కాబట్టి అలాంటి స్టాప్ ఎప్పుడైనా వస్తే బుకింగ్‌లో "వరకు" అన్న గడిలో ఆ స్టేషన్ పేరే కొట్టండి.