నందంబాక్కంలో ఆ కుర్రాళ్లు

సెయింట్ థామస్ మౌంట్ నుంచి పూందమల్లి రోడ్డులో పోతుంటే నందంబాక్కం దగ్గర పచ్చిక పరిచిన తోటలాంటిది కనిపిస్తుంది. అది మద్రాసు యుద్ధ శ్మశానం. రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు 856 ఉన్నాయి. రాతి మీద గద్ద బొమ్మ ఉంటే బ్రిటిష్ విమానదళం వాడని గుర్తు. కింద వయసు చదవండి. ఇరవై, ఇరవై ఒకటి. మన ఇళ్లల్లో అయితే కాలేజీకి పోయే ఈడు.

మనోళ్లూ పోయారు. 1932లో పెట్టిన భారత విమానదళానికి యుద్ధం రాగానే చదువుకున్న కుర్రాళ్లు కావలసివచ్చారు. కాలేజీ వదిలి చేరినవాళ్లున్నారు. మౌంట్ నుంచే విమానాలు లేచి సముద్రం మీద పహారా తిరిగేవి. 1943 అక్టోబరులో జపాను విమానం మద్రాసు మీద బాంబులేసిన రోజులవి.

హిందూ పిల్లలకి దహనం చేస్తారు కదా, సమాధి ఉండదు. శవమే దొరకని విమానదళం వాళ్ల పేర్లు సింగపూర్‌లో క్రాంజి స్మారకం గోడల మీద చెక్కారు. అంతదూరం పోయి ఏ తల్లి చూసొచ్చుంటుంది?

మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో విమానదళం యూనిఫాం వేసుకున్న కుర్రాడి ఫొటో ఉంటే, వెనకాల పేరు, ఊరు, చదివిన కాలేజీ రాసిపెట్టండి. తెలిసిన ముసలమ్మ ఉండగానే అడగండి.